కొత్త కళ్లద్దాలతో తలనొప్పి వస్తోందా? పవర్‌ను అనుమానించే ముందు లెన్సు కేంద్రాన్ని కొలిపించండి

కొత్త కళ్లద్దాలు పెట్టుకున్న నాలుగు రోజులకే తలనొప్పి మొదలైందని షాపుకు తిరిగి వచ్చేవారిలో చాలామంది ముందుగా అనే మాట, "డాక్టరుగారు పవర్ తప్పు రాసినట్లున్నారు" అని. కళ్లద్దాలు కొలిచి బిగించే పనిలో నేను చూసినంతవరకు ఆ అనుమానం నిజమైన సందర్భాలు తక్కువ. చీటీ సరిగానే ఉంటుంది, లెన్సు కూడా చీటీ ప్రకారమే ఉంటుంది, తేడా మాత్రం మరొక చోట ఉంటుంది. ఆ చోటును చూడకుండా మళ్లీ కంటి పరీక్షకు పరుగెత్తితే ఖర్చు పెరుగుతుంది, తలనొప్పి అలాగే మిగులుతుంది.

ముందుగా ఒక కన్ను మూసి చూడండి

ఇది పైసా ఖర్చు లేని పరీక్ష, అందరూ దాటవేసే పరీక్ష కూడా ఇదే. లెన్సులను కడిగి తుడిచి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇరవై అడుగుల దూరంలో ఉన్న క్యాలెండరునో బోర్డునో మొదట కుడి కంటితో, తరువాత ఎడమ కంటితో, ఆపైన రెండు కళ్లతోనూ చూడండి. ఏదో ఒక కంటికి అక్షరాలు మసకగా కనిపిస్తే ఆ లెన్సు పవర్‌లోనో, సిలిండర్ (ఆస్టిగ్మాటిజాన్ని సరిచేయడానికి ఒకే దిశలో పనిచేసే పవర్) కోణంలోనో తేడా ఉందని అనుకోవచ్చు. ఒక్కొక్క కంటితో విడిగా చూసినప్పుడు స్పష్టంగా, హాయిగా ఉండి, రెండు కళ్లూ తెరవగానే లాగినట్లు, బరువుగా, అక్షరాలు ఒకదానిపై ఒకటి జరిగినట్లు అనిపిస్తే మాత్రం పవర్‌ను అనుమానించకండి. అది ఎక్కువగా లెన్సు కేంద్రాల సమస్య, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ఒక కంటికి మసక

చీటీనీ, కళ్లద్దాలనూ తీసుకుని షాపుకు వెళ్లి, మీ ఎదుటే, లెన్సు పవర్ కొలిచే లెన్సోమీటర్‌పై పెట్టి చూడమనండి. రెండు నిమిషాల పని. కుడి ఎడమలు తారుమారు కావడం, సిలిండర్ దగ్గర ప్లస్‌కు బదులు మైనస్ పడడం, 10 డిగ్రీల కోణాన్ని 100గా చదవడం వంటివి అక్కడే బయటపడతాయి, లెన్సు మార్చడం షాపు బాధ్యత అవుతుంది.

గుండ్రని ఫ్రేములు వాడేవారు ఇంకొక విషయం గమనించాలి. మర వదులైతే లెన్సు ఫ్రేము గాడిలోనే మెల్లగా తిరుగుతుంది. సిలిండర్ లేనివారికి దీనివల్ల నష్టం లేదు కానీ, సిలిండర్ ఉన్నవారికి లెన్సు 30 డిగ్రీలు తిరిగిందంటే ఆ సిలిండర్ పెట్టకపోయినంత మసక తిరిగి వస్తుంది. నెల రోజులు బాగా కనిపించి తరువాత మసకైందనే గుండ్రని ఫ్రేమును నేను మొదట మర దగ్గరే చూస్తాను.

నేల వంగినట్లు, మెట్లు దగ్గరగా వచ్చినట్లు

మొదటిసారి సిలిండర్ వేసినవారికీ, కోణం బాగా మారినవారికీ ఇది సహజం. ఒకటి రెండు వారాలు రోజంతా పెట్టుకుంటే సర్దుకుంటుంది. పూటకొకసారి పాత జోడు, కొత్త జోడు మార్చి మార్చి వాడేవారికే ఆలస్యమవుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే కిందిది చదవండి.

ఒక్కొక్క కంటికి బాగుంది, రెండు కళ్లకు బాగాలేదు

ప్రతి లెన్సుకూ ఒక దృష్టి కేంద్రం ఉంటుంది. ఆ బిందువు గుండా చూసినప్పుడు కాంతి కిరణం పక్కకు వంగదు. దానికి దూరంగా జరిగి చూసినకొద్దీ లెన్సు పట్టకంలా పనిచేసి దృశ్యాన్ని పక్కకు నెడుతుంది. అందుకే లెన్సు కేంద్రం కంటిపాపకు ఎదురుగా ఉండాలి, రెండు కేంద్రాల మధ్య దూరం మీ కంటిపాపల మధ్య దూరానికి సరిపోవాలి. షాపులలో దీనిని పీడీ అంటారు. పెద్దవారిలో ఇది సాధారణంగా 54 నుంచి 74 మి.మీ. వరకు ఉంటుంది, సగటు 63 దగ్గర ఉంటుంది. చీటీలో ఈ గడి చాలాసార్లు ఖాళీగానే ఉండడం, షాపులో ఎవరూ అడగకపోవడం అసలు చిక్కు.

ఈ విషయంలో నేను స్వయంగా దెబ్బతిన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మైనస్ ఆరు పవర్ ఉన్న ఒక ఉపాధ్యాయురాలు తనకు నచ్చిన వెడల్పైన ఫ్రేము ఎంచుకుని లెన్సులు వేయించుకున్నారు. వారం తిరగకుండా తలనొప్పితో వచ్చారు. పవర్ సరిగ్గా ఉంది కనుక రెండు వారాలు అలవాటు చేసుకోమని చెప్పి పంపాను. మళ్లీ వచ్చినప్పుడు కంటి పరీక్షకు పంపాను, అదే పవర్ వచ్చింది. మూడవసారి ఖరీదైన పలుచని లెన్సులు వేయించాను, తలనొప్పి తగ్గలేదు. ఆమె నల్లబల్ల మీద రాసినదాన్ని చదవడానికి ఒక కన్ను మూసుకుంటున్నానని చెప్పినప్పుడే నాకు విషయం తట్టింది. లెన్సులపై చుక్కలు పెట్టి కొలిస్తే కేంద్రాల మధ్య 72 మి.మీ. ఉంది, ఆమె పీడీ 62. కొలత ఇవ్వకపోవడం వల్ల లెన్సును ఫ్రేము గడికి సరిగ్గా నడుమ పెట్టి కోశారు, రెండవ జత కూడా మొదటి జత కొలతతోనే తయారైంది. ఆమె నెలన్నర పాటు పడిన బాధకు నేను ఒక స్కేలు తీయకపోవడమే కారణం.

లెక్క చాలా సులభం. కేంద్రం ఎంత జరిగిందో సెంటీమీటర్లలో తీసుకుని, దానిని పవర్‌తో గుణిస్తే పట్టక ప్రభావం ఎంతో వస్తుంది. ఆమె విషయంలో ఒక్కొక్క వైపు 5 మి.మీ., అంటే 0.5 సెంటీమీటరు, దానిని ఆరుతో గుణిస్తే 3. రెండు కళ్లకు కలిపి 6 పట్టక డయాప్టర్లు (పట్టక ప్రభావాన్ని కొలిచే ప్రమాణం ఇది). మైనస్ లెన్సుల కేంద్రాలు ఇలా బయటికి జరిగితే దృశ్యం ఒక్కటిగా కనిపించడానికి కళ్లు బయటికి తిరగవలసి వస్తుంది. దగ్గరి వస్తువును చూడడానికి కళ్లు లోపలికి తిరగడం రోజూ చేసే పనే, కానీ బయటికి తిరిగే శక్తి వాటికి చాలా తక్కువ. తలనొప్పి సాయంత్రానికి పెరగడానికీ, ఒక కన్ను మూయగానే హాయిగా ఉండడానికీ కారణం ఇదే. ఇదే తప్పు మైనస్ ఒకటి పవర్ ఉన్నవారికి జరిగితే రెండు కళ్లకు కలిపి ఒక్క డయాప్టరే అవుతుంది, చాలామందికి తెలియనైనా తెలియదు. తక్కువ పవర్ వారికి ఏ కొలతా లేకుండా గడిచిపోవడం చూసి, ఎక్కువ పవర్ వారికీ అలాగే గడుస్తుందని అనుకోవడం నా వృత్తిలో అందరూ మానవలసిన అలవాటు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు అనే ప్రభుత్వ కంటి పరీక్షా శిబిరాలలో చత్వారం ఉన్నవారికి చదివే అద్దాలను అక్కడికక్కడే ఇచ్చి, పవర్ అద్దాలను విడిగా చేయించి తరువాత అందజేయడంలోని తర్కం కూడా ఈ లెక్కతో అర్థమవుతుంది. ప్లస్ ఒకటిన్నర లెన్సు కేంద్రం 2 మి.మీ. జరిగినా వచ్చే ప్రభావం 0.3 మాత్రమే. రెండు కళ్లకూ పవర్ సమానంగా ఉండి, సిలిండర్ లేనంతవరకు తయారుగా ఉన్న జోడుతో చదువుకోవడానికి ఇబ్బంది ఉండదు.

మీ ఫ్రేము విషయంలో ఎంత ప్రమాదం ఉందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కాడ లోపలి వైపు 54, 18, 140 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది లెన్సు వెడల్పు, రెండవది ముక్కు దగ్గర ఎడం, మూడవది కాడ పొడవు. మొదటి రెండూ కలిపితే 72 వస్తుంది. మీ పీడీకీ ఈ మొత్తానికీ ఎంత తేడా ఉంటే ఒక్కొక్క లెన్సును అందులో సగం లోపలికి జరిపి కోయవలసి ఉంటుంది, తేడా పెరిగినకొద్దీ అంచూ మందమవుతుంది. మైనస్ నాలుగు దాటినవారు ఈ తేడా 6 మి.మీ.కు మించని చిన్న ఫ్రేము ఎంచుకోవడం మేలు. పలుచని లెన్సుకు పెట్టే అదనపు డబ్బు కంటే చిన్న ఫ్రేమే ఎక్కువ పని చేయడం ఎన్నోసార్లు చూశాను.

తయారైన జోడును పరీక్షించాలంటే, చేతిని చాచి ఒక లెన్సు గుండా తలుపు చట్రం నిలువు గీతను చూడండి. లెన్సు లోపల కనిపించే గీత, పైనా కిందా బయట కనిపించే గీతతో విరగకుండా కలిసే చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. రెండవ లెన్సుకూ అలాగే చేసి, చుక్కల మధ్య అడ్డంగా ఎంత దూరం ఉందో స్కేలుతో కొలవండి. సిలిండర్ ఎక్కువగా ఉంటే గీత వాలినట్లు కనిపిస్తుంది కాబట్టి అప్పుడు లెన్సోమీటర్‌నే నమ్మాలి. పీడీని షాపులో ప్యూపిలోమీటర్‌తో, కుడి ఎడమలకు విడివిడిగా తీయించుకోవాలి, ఎందుకంటే ముక్కు అందరికీ సరిగ్గా నడుమ ఉండదు, ఒక వైపు 30, మరో వైపు 32 రావడం మామూలే.

నిలువు తేడాను కళ్లు ఇంకా తక్కువగా సహిస్తాయి. చెవులు సమానంగా లేకనో, కాడ వంగిపోయో ఒక లెన్సు 2 మి.మీ. దిగి కూర్చుంటే, ఎక్కువ పవర్ వారికి అడ్డంగా వచ్చే తప్పు కంటే ఎక్కువ బాధ కలుగుతుంది. దీనికి లెన్సు మార్చనక్కరలేదు, ఫ్రేమును వేడి చేసి కాడలు సరిచేస్తే చాలు.

పాత ఫ్రేములో కొత్త లెన్సులు వేయించుకునేవారు పాత లెన్సులను పారేయవద్దు. వాటి కేంద్రాలను కూడా కొలిపించండి. తప్పు కేంద్రానికి కళ్లు ఏళ్లుగా అలవాటుపడి ఉంటే, సరైన కేంద్రంతో చేసిన కొత్త జోడు కూడా మొదటి వారం కొత్తగానే అనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో కొనేవారు పీడీ గడిలో తప్పక తమ కొలతే రాయాలి, సగటు అంకెతో సరిపెట్టుకోకూడదు. ఎదిగే పిల్లలకు పీడీ మారుతూ ఉంటుంది కనుక ప్రతిసారీ కొత్తగా తీయించాలి.

ప్రోగ్రెసివ్ లెన్సులలో చదవడానికి గడ్డం ఎత్తవలసి రావడం

పైభాగం దూరానికీ, కిందిభాగం చదవడానికీ పనిచేసే ఈ లెన్సులలో పీడీతో పాటు ఎత్తు కూడా ముఖ్యం. చదివేటప్పుడు గడ్డం మరీ పైకెత్తవలసి వస్తే లెన్సు కిందికి కూర్చుందన్నమాట, దూరం చూసేటప్పుడు తల దించవలసి వస్తే పైకి కూర్చుందన్నమాట. లోహపు ఫ్రేమైతే ముక్కు ప్యాడ్లను దగ్గరికి జరిపితే జోడు పైకి లేస్తుంది, ఎడం చేస్తే కిందికి దిగుతుంది. లెన్సులు మళ్లీ చేయించే ముందు ఈ సవరణ చేయించి చూడాలి.

మిగిలిన కారణాలు

లెన్సు అంచుల గుండా చూసినప్పుడు దీపాల పక్కన రంగుల గీతలు కనిపిస్తే అది పాలికార్బనేట్ స్వభావం. ఇబ్బందిగా ఉంటే మామూలు ప్లాస్టిక్ లెన్సుకు మారవచ్చు, కానీ పిల్లలకు మాత్రం తేలికగా పగలని పాలికార్బనేట్‌నే ఉంచండి. మధుమేహం అదుపులో లేనప్పుడు తీసిన పవర్ చక్కెర తగ్గాక సరిపోదు, కాబట్టి చక్కెర స్థిమితపడ్డాకే పరీక్ష చేయించుకోండి. హఠాత్తుగా చూపు తగ్గినా, మెరుపులు కనిపించినా, కళ్లద్దాలు తీసినా రెండు బొమ్మలు కనిపించినా కళ్లద్దాల షాపుకు కాదు, అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

లెన్సుపై సాలెగూడు వంటి సన్నని పగుళ్లు వస్తే అది వేడికి యాంటీ గ్లేర్ పూత చిట్లడం, దానికి మరమ్మతు లేదు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టడమే అందుకు ముఖ్య కారణం. గీతలు పడేది ఎక్కువగా పొడి దుమ్మును చీర కొంగుతోనో చొక్కా అంచుతోనో రుద్దడం వల్ల. ముందు కుళాయి కింద చల్లటి నీళ్లతో దుమ్ము పోయేలా కడిగి, ఒక చుక్క గిన్నెల సబ్బు నీటితో వేళ్లతో మెల్లగా రుద్ది, మళ్లీ కడిగి, షాపువారు ఇచ్చిన మెత్తటి గుడ్డతో అద్దాలి.