టైప్ చేసిన చిరునామా సరైన లింకుగా మారడం లేదా? రెగెక్స్ ఎక్కడెక్కడ తప్పుతుందో చూద్దాం

వాక్యం మధ్యలో ఎవరో ఒక వెబ్ చిరునామా టైప్ చేస్తారు. మన కోడ్ దాన్ని పట్టుకుని, నొక్కితే తెరుచుకునే లింకుగా మార్చాలి. మొదట్లో ఇది పది నిమిషాల పని అనుకున్నాను. తర్వాత ఇందులోని బగ్‌లతోనే చాలా రోజులు గడిచాయి. వాటిలో చాలా వాటికి మూలం ఒక్కటే: పని మొత్తం ఒకే రెగెక్స్‌తో (అక్షరాల వరుసను వెతికి పట్టే చిన్న సూత్రం, దీన్నే ప్యాటర్న్ అనీ అంటాం) చేయించాలని చూడడం. చిరునామా ఎక్కడ మొదలవుతుందో రెగెక్స్ చక్కగా చెబుతుంది. ఎక్కడ ముగుస్తుందో తేల్చే పని మాత్రం దానికి వదలకండి.

ఉదాహరణల్లో చిరునామాలను పలికే తీరులోనే రాస్తున్నాను. మీ కోడ్‌లో ఎలాగూ వాటి అసలు అక్షరాలే ఉంటాయి.

సమస్య: వాక్యం చివరి చుక్క లింకులో కలిసిపోతోంది

"వివరాలకు హెచ్‌టీటీపీఎస్://ఉదాహరణ.కామ్/పుట." అని రాస్తే, చివరి చుక్క కూడా లింకులోకి వెళ్లి "పేజీ దొరకలేదు" అని వస్తుంది.

కారణం: చాలామంది రాసే ప్యాటర్న్ "ఖాళీ వచ్చేదాకా అన్నీ తీసుకో" అంటుంది. చుక్కకు ముందు ఖాళీ లేదు కాబట్టి అదీ లోపలికి వచ్చేసింది. అలాగని చుక్కను ప్యాటర్న్‌లోంచి తీసేస్తే చిరునామా మధ్యలోనే తెగిపోతుంది. వెబ్ చిరునామాల ప్రమాణమైన ఆర్ఎఫ్‌సీ 3986 (2005) ప్రకారం చుక్క, కామా, సెమీకోలన్, ఆశ్చర్యార్థకం, గుండ్రటి బ్రాకెట్లు అన్నీ చిరునామాలో ఉండదగినవే. ఆ చుక్క వాక్యానిదా, చిరునామాదా అన్నది అక్షరాలను చూసి కచ్చితంగా చెప్పలేం. అంచనా వేయాల్సిందే.

పరిష్కారం: పట్టడం ఒక పని, కోయడం ఇంకో పని. ముందు ఖాళీ గానీ, < > " గుర్తుల్లో ఏదైనా గానీ వచ్చేదాకా పట్టండి. ఆ మూడు గుర్తులూ చిరునామాలో నేరుగా ఉండకూడనివి కాబట్టి అక్కడ ఆగడంలో తప్పు లేదు. తర్వాత పట్టిన ముక్క తోకను చూసి ఇవి తీసేయండి (+ అంటే ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ, $ అంటే ముక్క చివర):

[.,!?;:]+$

తీసేసిన గుర్తులను పారేయకండి, లింకు మూసిన తర్వాత మామూలు అక్షరాలుగా పెట్టండి. ఇది మరిచిపోతే వాక్యాల చివర చుక్కలు మాయమవుతాయి. నిజంగానే చుక్కతో ముగిసే చిరునామా ఉంటే ఈ పద్ధతిలో విరుగుతుంది. అలాంటివి బాగా అరుదు కాబట్టి ఆ నష్టానికి నేను ఒప్పుకుంటాను.

సమస్య: బ్రాకెట్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ

బ్రాకెట్‌ను కూడా పై జాబితాలో చేర్చి చూడండి, విజ్ఞానసర్వస్వాల చిరునామాలు కొన్ని విరుగుతాయి. అవి బ్రాకెట్‌తోనే ముగుస్తాయి. చేర్చకపోతే, బ్రాకెట్లలో రాసిన చిరునామాకు మూసే బ్రాకెట్ అంటుకుంటుంది.

పరిష్కారం లెక్కపెట్టడమే. రెగెక్స్‌తో వద్దు, మామూలు లూప్ చాలు. ఈ వాక్యం తీసుకోండి:

(చూడండి హెచ్‌టీటీపీఎస్://ఉదాహరణ.కామ్/మెర్క్యురీ_(గ్రహం)).

పట్టిన ముక్క చివర "(గ్రహం))." అని ఉంది. చివరిది చుక్క, తీసేశాం. ఇప్పుడు చివర మూసే బ్రాకెట్. ముక్కలో తెరిచినవి 1, మూసినవి 2. మూసినవి ఎక్కువున్నాయి కాబట్టి ఒకటి తీసేశాం. మళ్లీ చివర మూసే బ్రాకెట్టే, కానీ ఇప్పుడు తెరిచింది 1, మూసింది 1. ఆగిపోయాం. మిగిలింది సరైన చిరునామా. చుక్కలన్నీ ముందు తీసేసి బ్రాకెట్లు తర్వాత చూద్దామంటే కుదరదు. రెండూ ఒకే లూప్‌లో, చివరి అక్షరాన్ని బట్టి జరగాలి.

సమస్య: తెలుగులో రాస్తే "లో", "కి" కూడా లింకులోకి వస్తున్నాయి

దీని గురించి ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో వెతికి లాభం లేదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఈ సమస్యే లేదు. మనం "ఉదాహరణ.కామ్‌లో చూడండి" అని విభక్తిని అతికించి రాస్తాం. చిరునామాకీ "లో"కీ మధ్య ఖాళీ ఉండదు. రెగెక్స్ దృష్టిలో అంతా ఒకటే ముక్క.

చిరునామాలో ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఇంకేవీ ఒప్పుకోకపోతే పోతుందిగా అనిపిస్తుంది. కానీ తెలుగు పేర్లున్న పేజీల చిరునామాలు అప్పుడు సగంలో తెగుతాయి. నాకు బాగా పనిచేసిన నియమం ఇది: తెలుగు అక్షరం వాలుగీత (/), అండర్‌స్కోర్, సమానం గుర్తు లాంటి విభజన తర్వాత మొదలైతే అది చిరునామాలో భాగం. ఇంగ్లిష్ అక్షరానికో అంకెకో నేరుగా అంటుకుంటే అది విభక్తి, అక్కడే కోయండి. తెలుగు అక్షరాలు, ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంటాయి కాబట్టి గుర్తించడం కష్టం కాదు. చిరునామా వాలుగీతతో ముగిసి, దాని వెనక "లో" వస్తే ఈ నియమం పనిచేయదు. దానికి లో, కి, కు, ను, ని, తో, నుంచి అని చిన్న జాబితా పెట్టుకుని విడిగా చూసుకోవాలి.

ఇంతా చేశాక కూడా లింకు తెరుచుకోకపోతే కంటికి కనపడని అక్షరాన్ని అనుమానించండి. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా మనం టైప్ చేసే గుర్తు (యూనికోడ్ 200సీ) చాలాసార్లు చిరునామాకీ విభక్తికీ మధ్య ఉండిపోతుంది. అది ఖాళీ కిందికి రాదు కాబట్టి "ఖాళీ వచ్చేదాకా" అన్న ప్యాటర్న్ దాన్ని మింగేస్తుంది. లింకు చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, సర్వర్‌కు మాత్రం ఆ అదనపు గుర్తు కూడా వెళ్తుంది. ఈ ఒక్క గుర్తు కోసం నేను ఒక సాయంత్రమంతా వెతికాను. ముక్కలోని ప్రతి అక్షరం కోడ్ నంబరును ప్రింట్ చేసి చూస్తే నిమిషంలో దొరుకుతుంది.

పదం అంచును పట్టే రెగెక్స్ గుర్తును (\b) కూడా తెలుగు దగ్గర నమ్మకండి. జావాస్క్రిప్ట్‌కు తెలుగు అక్షరం అసలు పదంలో భాగమే కాదు. పైథాన్ అచ్చులను, హల్లులను ఒప్పుకుంటుంది గానీ గుణింతాల గుర్తులను వదిలేస్తుంది.

సమస్య: లింకులో లింకు

కారణం: రెగెక్స్‌ను హెచ్‌టీఎంఎల్ మీద నడిపారు. అప్పటికే లింకు ట్యాగ్‌లో ఉన్న చిరునామాను, బొమ్మ ట్యాగ్‌లో ఉన్నదాన్ని కూడా అది పట్టేసింది. "ముందు ఫలానా అక్షరాలు ఉంటే వదిలెయ్" అని మినహాయింపులు చేర్చుకుంటూ పోవద్దు, వాటికి అంతుండదు. హెచ్‌టీఎంఎల్‌ను పార్సర్‌తో (ట్యాగ్‌లను, అక్షరాలను విడదీసి చదివే ప్రోగ్రామ్) చదివి, అందులోని అక్షర భాగాలను మాత్రమే ముట్టుకోండి. లింకు, కోడ్, స్క్రిప్ట్, స్టైల్ ట్యాగ్‌ల లోపలికి వెళ్లకండి. సేవ్ చేసిన ప్రతిసారీ లింకు మీద లింకు పేరుకుపోతుంటే, డేటాబేస్‌లో మార్చిన రూపాన్ని దాస్తున్నారన్నమాట. టైప్ చేసింది టైప్ చేసినట్టే దాచి, చూపించేటప్పుడు మార్చండి.

సమస్య: కొటేషన్ గుర్తు దగ్గర పేజీ చెదిరిపోతోంది

ఇది వట్టి బగ్ కాదు, భద్రతా లోపం. కొటేషన్ గుర్తు ఎస్కేప్ కాకుండా (అంటే, బ్రౌజర్ మామూలు అక్షరంగానే చదివే కోడ్‌గా మారకుండా) యాట్రిబ్యూట్‌లోకి (ట్యాగ్‌లో చిరునామా లాంటి విలువ రాసే చోటు) వెళ్తే, దాని వెనక రాసిందంతా బ్రౌజర్‌కు ఆదేశం అవుతుంది. అలాగని ముందే మొత్తం ఎస్కేప్ చేసి తర్వాత రెగెక్స్ నడిపితే, కొటేషన్ స్థానంలో & తో మొదలై సెమీకోలన్‌తో ముగిసే కోడ్ వస్తుంది. దాని దగ్గర ప్యాటర్న్ ఆగదు, అది కూడా లింకులోకి పోతుంది. సరైన వరుస ఇది: ముడి అక్షరాలను ముక్కలు చేయండి, చిరునామాలను మామూలు మాటలను విడదీయండి, ఆపైన ప్రతి ముక్కనూ విడివిడిగా ఎస్కేప్ చేసి అతికించండి. హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ తప్ప ఏ స్కీమునూ (చిరునామా మొదట్లో కోలన్‌కు ముందుండే భాగం) లింకుగా మార్చకండి. "జావాస్క్రిప్ట్:" అని మొదలయ్యే చిరునామాను నొక్కితే అందులోని కోడ్ మీ పేజీలోనే నడుస్తుంది.

చిన్నవి, త్వరగా తేలేవి

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో మొదలైన లింకు మీ సైట్‌లోని ఏదో లేని పేజీకి వెళ్తోందా? స్కీము లేని చిరునామాను బ్రౌజర్ ఆ సైట్ లోపలి దారి అనుకుంటుంది. లింకు కట్టేటప్పుడు ముందు హెచ్‌టీటీపీఎస్:// చేర్చండి.

ఫోన్‌లో టైప్ చేసినవి మాత్రమే లింకు కావడం లేదా? కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేసి ఉంటుంది. పెద్దా చిన్నా తేడా చూడొద్దని చెప్పే ఫ్లాగ్ పెట్టండి.

ఫైల్ పేర్లు లింకులైపోతున్నాయా? .పీవై పరాగ్వే దేశానిది, .ఎండీ మాల్దోవాది, .జిప్ కూడా ఇప్పుడు అసలైన డొమైన్ తోకే. స్కీము గానీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ గానీ లేనివాటిని ముట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. తోకలో 2 నుంచి 4 అక్షరాలే ఉండాలన్న పాత ప్యాటర్న్ కనిపిస్తే తీసేయండి, .మ్యూజియం దానికి దొరకదు.

జావాస్క్రిప్ట్‌లో ఒకసారి లింకై, మరోసారి కాకపోతే గ్లోబల్ ఫ్లాగ్‌ను చూడండి. ఆ ఫ్లాగ్ ఉన్న రెగెక్స్ కిందటిసారి ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, తర్వాతి పరీక్షను అక్కడి నుంచే మొదలుపెడుతుంది. పరీక్షకు ఫ్లాగ్ లేని వేరే రెగెక్స్ వాడండి.

సమస్య: కొన్ని వాక్యాల దగ్గర పేజీ బిగుసుకుపోతోంది

కారణం: (…+)+ లాగా పునరావృతంలో పునరావృతం. మ్యాచ్ చివర్లో కుదరకపోతే, అక్షరాలను ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చో అన్నీ ప్రయత్నిస్తుంది. ఒక్క అక్షరం పెరిగితే పని రెట్టింపవుతుంది. ఒకే గుంపు, ఒకే ప్లస్ ఉండేలా ప్యాటర్న్ మార్చండి.

ఒకే ప్లస్ ఉన్నా సరే, పైన నేను చూపించిన తోక ప్యాటర్న్‌ను పొడవైన అక్షరాల వరుస మీద నేరుగా నడపకండి. 2016 జూలై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది, సరిగ్గా ఇలాంటి ప్యాటర్న్ వల్లే. అది చివరి ఖాళీలను కోసే రెగెక్స్. ఒకరు రాసినదాంట్లో వరుసగా సుమారు 20,000 ఖాళీలున్నాయి, వాటి తర్వాత ఇంకో అక్షరం ఉంది. రెగెక్స్ మొదటి ఖాళీ నుంచి చివరిదాకా వెళ్లి విఫలమైంది, తర్వాత రెండో ఖాళీ నుంచి, ఆ తర్వాత మూడోదాని నుంచి. మొత్తం దాదాపు 20 కోట్ల తనిఖీలు. మన దగ్గర ఖాళీల బదులు చుక్కలు ఉంటాయి, అంతే తేడా. అందుకే నేను తోకను కూడా రెగెక్స్‌తో కోయడం మానేశాను. బ్రాకెట్లు లెక్కపెట్టే లూప్ ఎలాగూ ఉంది కదా, చివరి అక్షరం నుంచి వెనక్కి వస్తూ చుక్కలనూ అదే తీసేస్తుంది.