బొటాక్స్‌కి స్కూటీ మీద వెళ్లకండి

ఇంట్లో పెళ్లి ఉందని నుదుటి ముడతలకు బొటాక్స్ వేయించుకోవాలనుకుంటే, ముహూర్తానికి కనీసం 3 వారాల ముందే వెళ్లండి. సూది వేసిన 3, 4 రోజులకు మార్పు మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి 14 రోజుల దాకా పడుతుంది. ముందురోజు మద్యం ముట్టొద్దు. చేపనూనె గుళికలు, విటమిన్ ఇ, ఐబుప్రోఫెన్ వాడుతుంటే డాక్టర్‌కి వారం ముందే చెప్పండి, వాటివల్ల చర్మం కమిలే అవకాశం ఎక్కువ. గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఇక స్కూటీ సంగతి. తిరిగొచ్చేటప్పుడు హెల్మెట్ సరిగ్గా సూది పడ్డ చోటే నొక్కుతుంది. నేను అమీర్‌పేట సిగ్నల్ దగ్గర దాన్ని తీయలేక, ఉంచుకోలేక నానా అవస్థ పడ్డాను. హాయిగా మెట్రోనో ఆటోనో ఎక్కండి. ఇంటికొచ్చాక నాలుగు గంటలు నడుం వాల్చకండి, ఆ రోజుకి తలకు నూనె మర్దన కూడా వద్దు.