కల్పిత రాజ్యంలో రాజ్య సిద్ధాంతం ఎలా పుట్టించాలి

రాజ్యమంతా ఏ నమ్మకంతో నడవాలో చెప్పే సిద్ధాంతం ఎలా పుట్టిందో ఫాంటసీ రాసేవాళ్లలో చాలామంది ఒక్క పేజీలో తేల్చేస్తారు. ఓ జ్ఞాని అడవిలోంచి వస్తాడు, రాజు ఆయన మాట విని మారిపోతాడు, తర్వాతి అధ్యాయానికల్లా దేశమంతా అదే నమ్మకం. చదివేవాళ్లు దీన్ని నమ్మరు. మీరు సూత్రాలు రాసుకునే ముందు ఆ రాజుకు నిద్ర పట్టనివ్వని కష్టం ఏంటో తేల్చుకోండి, ఎందుకంటే ఎంత గొప్ప ఆలోచనైనా దాంతో ఏదో పని జరిగితేనే రాజ్యం పట్టించుకుంటుంది.

చైనాలోని చిన్ రాజ్యాన్ని చూడండి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో, ఆ రాజ్యం పొరుగువాళ్లకు భూములు పోగొట్టుకుని ఉన్న సమయంలో షాంగ్ యాంగ్ అనే పరాయి రాజ్యం మనిషి అక్కడికి వచ్చాడు. ఆయన పెట్టిన చట్టాలు ఇవి: శత్రువు తల తెచ్చినవాడికి హోదా, ధాన్యం ఎక్కువ పండించినవాడికి వెట్టి మాఫీ, రాజబంధువైనా సరే యుద్ధంలో ఏమీ సాధించకపోతే వంశ జాబితాలో చోటు లేదు. ఎవరు బాగుపడ్డారో, ఎవరు మండిపడ్డారో ఇట్టే తెలిసిపోతోంది కదా. మీ లోకానికీ ఈ లెక్క వేసుకోండి: రైతు, పూజారి, సేనాని, వడ్డీ వ్యాపారి, ఒక్కొక్కరికి ఏం దక్కింది, ఏం పోయింది?

తర్వాత జనం నమ్మాలి. కొత్త చట్టాలు ప్రకటించే ముందు షాంగ్ యాంగ్ సంత దక్షిణ ద్వారం దగ్గర ఓ దుంగ పెట్టించి, ఉత్తర ద్వారానికి మోసుకెళ్తే బహుమానం ఇస్తానన్నాడట. ఎవరూ కదల్లేదు. ఐదింతలు చేస్తే ఒకడు మోశాడు, వెంటనే సొమ్ము చేతిలో పెట్టారు. ఇలాంటి సన్నివేశం ఒక్కటి రాస్తే పేజీలకు పేజీల ఉపన్యాసం తప్పుతుంది.

తనను నిలబెట్టిన రాజు క్రీ.పూ. 338లో పోగానే షాంగ్ యాంగ్‌ను చంపేశారు, చట్టాలు మాత్రం ఉంచుకున్నారు. మీ సిద్ధాంతకర్తను కాపాడాలని చూడకండి.

ప్రచారం ఊరికో రకంగా ఉండాలి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. కళింగ యుద్ధం గురించి బాధపడుతూ చెక్కించిన పదమూడో శాసనం అక్కడ ఉంది, సాక్షాత్తూ కళింగలోని ధౌళి, జౌగడల్లో లేదు, కళింగలో వేరే మాటలు చెక్కించాడు. ఓడిన ఊళ్లో ఏం చెప్పకూడదో మీ రాజ్యానికీ తెలిసుండాలి.

ఇక కొలువులు. క్రీ.పూ. 124లో, చిన్ తర్వాత చైనాను ఏలిన హాన్ వంశపు చక్రవర్తి వూ కాలంలో కన్‌ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు చదివే 50 మంది విద్యార్థులకు రాజధానిలో చోటిచ్చారు, చదువులో నెగ్గితే ఉద్యోగం. చిన్ కాలపు చట్టాలు మాత్రం చాలావరకు నడుస్తూనే ఉన్నాయి. మీ కథలోనూ కొత్త చదువు, పాత చట్టాలు రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి, ఒక గుమాస్తా పాత్ర పెట్టుకుంటే రెండూ అతని చేతి మీదుగానే నడిపించొచ్చు.