టెయిల్స్‌లో టోర్ కనెక్ట్ కాకపోతే ముందు గడియారం చూడండి – నా అనుభవం

మా నల్లగొండ ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో టెయిల్స్ (పెన్‌డ్రైవ్ నుంచి నడిచే, గోప్యత కోసం చేసిన ఆపరేటింగ్ సిస్టమ్) బాగానే బూట్ అయ్యేది. బ్రిడ్జ్ (టోర్‌లోకి పోయే చాటు దారి) పెట్టి టోర్ (ఇంటర్నెట్‌లో మన జాడ దాచే నెట్‌వర్క్) కనెక్ట్ చేయబోతే మాత్రం ప్రోగ్రెస్ గీత సగం దాకా వచ్చి ఆగిపోయేది.

పెన్‌డ్రైవ్ మార్చాను, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను, వేరే బ్రిడ్జ్ వేశాను. లాభం లేదు.

చివరికి పైన కనిపించే తేదీ చూస్తే 2012! మదర్‌బోర్డు సెల్లు (కంప్యూటర్ ఆపినా గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ) చచ్చిపోయింది. టోర్ తన నెట్‌వర్క్‌లోని సర్వర్ల జాబితా తెచ్చుకుంటుంది, దానికి గడువు ఉంటుంది; గడియారం ఇంత తేడాగా ఉంటే టోర్ ఆ జాబితాను ఒప్పుకోదు.

మా ఊళ్లోని గడియారం సెంటర్ దగ్గర సీఆర్2032 సెల్లు కొన్నాను (గడియారం బాగుకు అక్కడికే పోవాల్సి వచ్చింది!). కరెంటు వైరు పీకి, పక్క రేకు తీసి, క్లిప్పు నొక్కితే పాత సెల్లు పైకి లేచింది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాను. తర్వాత బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగల సెట్టింగులు) తేదీ సరిచేశాను. టైమ్ మాత్రం మనది కాదు, యూటీసీ (మన టైమ్ కంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్) పెట్టాలి: అప్పుడు రాత్రి 7:10, నేను 13:40 అని కొట్టాను. టెయిల్స్ ఆ గడియారాన్ని యూటీసీ అనే అనుకుంటుంది. మళ్లీ బూట్ చేస్తే నిమిషంలోపే కనెక్ట్ అయింది.

అదే మెషీన్‌లో విండోస్ ఉంటే అందులో టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి చూపొచ్చు. అప్పుడు బయోస్ జోలికి పోకుండా, టోర్ ఎర్రర్ స్క్రీన్‌లోనే గడియారం సరిచేసుకోవచ్చు. మీ తేదీ, టైమ్ ముందే సరిగ్గా ఉంటే మాత్రం ఇది మీ సమస్య కాకపోవచ్చు.