గూడు తలుపు తీసిన మొదటి ఐదు నిమిషాలు

నా పెరట్లో ఆరు పెట్టలున్నాయి, పుంజు లేదు. పుంజు లేనిదే గుడ్లెలా పెడతాయని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. పెడతాయి, ఆ గుడ్లు పొదిగితే పిల్లలు రావు, అంతే తేడా. ఆరు కోళ్ల పని రోజుకు అరగంట దాటదు. అందులో మేత వేయడం, నీళ్లు మార్చడం చేతుల పని, అది ఎవరైనా చేస్తారు. కళ్ల పని మాత్రం పొద్దున గూడు తలుపు తీసిన మొదటి ఐదు నిమిషాల్లోనే జరగాలి.

తలుపు తీయగానే మేత పోయకండి. గిన్నె చేతిలో పట్టుకుని పక్కకు నిలబడి, అవి రాత్రి కూర్చునే దండెం మీద నుంచి దిగే వరస చూడండి. నా దగ్గర ముందు దూకేది ఎర్రది, ఆఖరున వచ్చేది మచ్చలది. ఒకరోజు ఎర్రది నాలుగోదిగా దిగింది. మేత దగ్గరకు వచ్చింది, ముక్కు కూడా నేలకు ఆనించింది, కానీ ఒక్క గింజా మింగలేదు. కోళ్లు జబ్బును అలాగే దాస్తాయి. నీరసంగా కనబడితే తోటి కోళ్లే పొడుస్తాయని వాటికి తెలుసు. రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చునేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది.

ఎర్రదాన్ని చంకలో పెట్టుకుని గొంతు కింద తడిమాను. రొమ్ము పైన, కాస్త కుడివైపుగా, తిన్నది ముందు చేరే మేతసంచి ఉంటుంది. సాయంత్రానికి అది నిమ్మకాయంత ఉబ్బి ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ అయిపోవాలి. ఎర్రదానికి పొద్దున్నే గట్టిగా, పిండి ముద్దలా తగిలింది. తప్పు నాదే. ముందురోజు కోసిన పొడవాటి గడ్డిని అలాగే పడేశాను, అది లోపల చిక్కుపడింది. దాన్ని వేరే ఉంచి, మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టి, సంచిని వేళ్లతో మెల్లగా రుద్దాను. మర్నాటికీ కరగకపోతే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాల్సిందే. కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించే పని మాత్రం చేయకండి, ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇప్పుడు ఆకుకూరైనా గడ్డైనా వేలెడు కంటే చిన్నగా తరిగే వేస్తాను. మేత పక్కన సన్న గులకరాళ్లు ఎప్పుడూ ఉంటాయి. కోడికి పళ్లు లేవు కదా, కందనకాయలో ఆ రాళ్లే తిరగలి పని చేస్తాయి.

తర్వాత చూడాల్సింది రెట్ట. అసహ్యించుకుంటే కోళ్లు పెంచలేరు. మామూలు రెట్ట గోధుమ రంగులో గట్టిగా ఉండి, పైన తెల్లటి టోపీ ఉంటుంది. ఆ తెలుపే దాని మూత్రం. మధ్యమధ్య ఆవరంగులో జిగటగా, ముక్కు మూసుకునేంత వాసనతో ఒకటి పడుతుంది, అదీ మామూలే. మొదటి ఏడాది నేను దాన్ని చూసి రెండుసార్లు హడలిపోయాను. భయపడాల్సింది రక్తం కనబడినప్పుడు, ముఖ్యంగా కోడిపిల్లల్లో. అది రక్తపారుడు (కాక్సిడియోసిస్) అనే పేగుల జబ్బు కావచ్చు, ఒక్కరోజు కూడా ఆగకూడదు. రెండు మూడు కోళ్లు ఒక్కసారిగా చచ్చిపోతే వాటిని ఒట్టి చేతులతో తాకకుండా పశువైద్యులకు కబురు చేయండి.

మేత లెక్క పెద్దదేం కాదు. పెద్ద పెట్టకు రోజుకు 100 నుంచి 120 గ్రాములు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో మాంసకృత్తులు 16 శాతం దాకా ఉంటాయి. ఇంట్లో మిగిలినవి చిరుతిండిగా కాస్త వేయవచ్చు, మేతలో పదో వంతు మించకుండా. బూజు పట్టినదేదీ వద్దు. గుడ్డు పెంకు కోసం పెట్టే ఆల్చిప్పల పొడిని దాణాలో కలపకుండా వేరే గిన్నెలో పెట్టండి, ఎవరికి ఎంత కావాలో అవే తింటాయి. ఎండాకాలంలో మేత కన్నా నీళ్లు ముఖ్యం. రోజూ తాగేదానికి రెట్టింపు తాగుతాయి, కాబట్టి రెండు గిన్నెలు నీడలో పెట్టాలి.

గూడు కట్టేటప్పుడు చాలామంది వెచ్చదనం కోసం అన్ని వైపులా మూసేస్తారు. కోడికి ఒంటినిండా ఈకలున్నాయి. పొడిగా ఉంటే చలిని బాగానే తట్టుకుంటుంది, తడిగాలినే తట్టుకోలేదు. దండెం కన్నా ఎత్తున, రెండు గోడల్లోనూ గాలి పోయే సందులు వదలండి. పొద్దున తలుపు తీయగానే రెట్ట ఘాటుకు కళ్లు మండితే, రాత్రంతా అవి పీల్చింది ఆ గాలే. కింద పరిచిన ఊక తిరగేయండి, తడిసినది తీసేయండి. తీసిన రెట్టను పచ్చిగా మొక్కలకు వేస్తే వేళ్లు మాడిపోతాయి, కొన్ని నెలలు మాగనివ్వాలి.

ఇక జాలీ. కోళ్ల జాలీ పేరుతో అమ్మే ఆరు మూలల పల్చటి తీగ కోళ్లను లోపల ఉంచుతుందే గానీ, బయటివాటిని ఆపదు. నాకు ఏడో పెట్ట కూడా ఉండేది, నల్లది. వచ్చింది ఏ జంతువో చూడలేదు. తీగను పళ్లతో తెంపిన చోట నా పిడికిలి పట్టేంత కంత, దాని చుట్టూ నల్లటి ఈకలు. ఆ వారమే అరంగుళం గళ్లున్న మందపాటి వెల్డింగ్ జాలీ వేయించి, నేలలోకి అడుగు లోతు పాతించాను.

ఎర్రపురుగును వెతకడానికి పగలు పనికిరాదు. అది పగలంతా దండెం పగుళ్లలో దాక్కుని, చీకటి పడ్డాక వచ్చి రక్తం తాగుతుంది. రాత్రి ఒక తెల్ల గుడ్డతో దండెం అడుగు భాగం తుడిచి చూడండి. ఎర్రటి మరకలు అంటితే దండెం ఊడదీసి, పగుళ్లన్నీ శుభ్రం చేయాల్సిందే. చీకట్లో కోడికి చూపు ఆనదు, మెల్లగా ఎత్తితే గొడవ చేయదు. కాలి గోళ్లు, రెక్కల కింది చర్మం నేను చూసేది అప్పుడే.

గుడ్లు మధ్యాహ్నంలోపు ఏరుకోండి. ఆలస్యమైతే పగులుతాయి, పగిలినదాన్ని ఒకసారి రుచి చూసిన పెట్టకు ఆ అలవాటు మాన్పించడం కష్టం. పెంకు మీద కంటికి కనబడని పూత ఉంటుంది, కడిగితే అది పోతుంది. అందుకే మట్టి అంటితే పొడిగుడ్డతో తుడిచి ఊరుకుంటాను. గుడ్లు ముట్టుకున్నాక చేతులు మాత్రం సబ్బుతో కడగాలి.

సందెవేళ అవే గూట్లోకి చేరతాయి, తోలాల్సిన పని లేదు. నేను తలలు లెక్కపెట్టి, రెండు గడియలూ వేస్తాను. మచ్చలది ఇప్పటికీ ఆఖరునే వస్తుంది, మందారం కింద మట్టిలో పొర్లి ఒళ్లంతా దులుపుకుంటూ. అది వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడతాను.