కొత్త ప్రమిద దగ్గర ఆగిన ఆటవెలది

తిరుపతిలో మా తమ్ముడి కూతురు, కపిలతీర్థం కార్తీక దీపాల మీద ఆటవెలది పద్యం రాసుకొచ్చింది. రెండో పాదం ఇది: "కొండ కింద వెలిగె కొత్త ప్రమిద."

"పెదనాన్నా, చదివితే బాగానే ఉంది, గణాలు మాత్రం రావడం లేదు" అంది.

గురువంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరం, లఘువంటే తక్కువ సేపు పట్టేది; వాటి చిన్న గుంపే గణం. ఆటవెలదిలో రెండు, నాలుగు పాదాలకు ఐదేసి సూర్యగణాలు. ప్రతి గణమూ గురువు, లఘువు కావాలి, లేదంటే మూడు లఘువులు. కొండ, కింద సరే. 'వెలిగె' మూడు లఘువులు. చిక్కంతా 'కొత్త' దగ్గరే. పక్కన 'ప్ర' అనే సంయుక్తాక్షరం ఉంది కాబట్టి 'త్త' గురువైపోతుందని తన టెన్షన్. అలాగైతే రెండు గురువులొస్తాయి, సూర్యగణం కాదు. ప్రమిద తీసేసి 'దివ్వె' పెడతానంది. నాకు మనసొప్పలేదు. ప్రమిద అంటే మట్టి, నూనె, వత్తి అన్నీ కళ్లకు కడతాయి.

గట్టిగా పలికి చూడమన్నాను. 'విష్ణుప్రియ' అన్నప్పుడు 'ష్ణు' మీద ఊనిక పడుతుంది. అది సంస్కృత సమాసం, అక్కడ 'ష్ణు' గురువే. 'కొత్త ప్రమిద'లో ఆ ఊనిక లేదు. రెండూ విడి తెలుగు పదాలు, అందుకే 'త్త' లఘువుగానే ఉంటుంది. 'ప్రమిద' మూడు లఘువులు. పాదం ఒక్క అక్షరం మార్చకుండానే నిలిచింది! యతి, అంటే పాదంలో అక్షరాల జత, కూడా చక్కగా కుదిరింది: మొదటి గణంలో 'కొ', నాలుగో గణంలో 'కొ'.

మూడో పాదంలో మాత్రం నిజంగానే ఒక ఇంద్రగణం (సూర్యగణం కన్నా పెద్ద గణం) తగ్గింది. అక్కడ ఒక మాట చేర్చింది. ఇప్పుడు పదం పదం పైకి పలుకుతూ, పెన్సిల్‌తో గురులఘువులు గుర్తు పెట్టుకుంటూ నాలుగో పాదం రాస్తోంది.