డూప్లికేట్ అడ్రస్ అని చూపించింది, కానీ రెండో మిషన్ లేనే లేదు

రెండు కంపెనీల రౌటర్ల మధ్య ఐపీవీ6 టెస్టింగ్ చేస్తున్నాం. మా లినక్స్ వర్చువల్ మిషన్‌లో లింక్-లోకల్ అడ్రస్ (ఆ లింక్ లోపల మాత్రమే పనిచేసే ఐపీవీ6 అడ్రస్) పక్కన ప్రతిసారీ 'డ్యాడ్‌ఫెయిల్డ్' అని వస్తోంది. అంటే అడ్రస్ వాడే ముందు మిషన్ చేసే డూప్లికేట్ పరీక్ష (డ్యాడ్) ఫెయిలైంది, ఆ అడ్రస్ ఇంకెవరో వాడుతున్నారని అర్థం. ముందు అవతలి రౌటర్ మీదే అనుమానపడ్డాను. దాని కేబుల్ పీకేసినా అదే వరస. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్.

నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టి చూశాను. మేం పంపింది ఒక్క నైబర్ సొలిసిటేషన్ ('ఈ అడ్రస్ ఎవరైనా వాడుతున్నారా' అని అడిగే ప్యాకెట్), కనిపిస్తున్నవి రెండు. ఈ పరీక్షలో పంపినవాడి ఐపీ అడ్రస్ అన్నీ సున్నాలే, కాబట్టి ఐపీ చూస్తే ఎవరిదో తెలియదు. ఈథర్‌నెట్ హెడర్‌లో చూస్తే రెండింటిలోనూ మా మ్యాక్ అడ్రసే (నెట్‌వర్క్ కార్డు అడ్రస్)! మన ప్యాకెట్టే తిరిగొచ్చి మనల్నే కాదంటోంది.

హోస్ట్ బ్రిడ్జ్‌లో (వర్చువల్ మిషన్‌ని నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) మా పోర్టుకి హెయిర్‌పిన్ మోడ్ ఆన్‌లో ఉంది, వచ్చిన మల్టీకాస్ట్‌ని (ఒకేసారి చాలామందికి వెళ్లే ప్యాకెట్) అదే పోర్టులోకి తిప్పి పంపుతోంది. అది ఆఫ్ చేసి ఇంటర్‌ఫేస్ డౌన్ చేసి అప్ చేశాను. సెకను, రెండు సెకన్లలో 'టెంటటివ్' (పరీక్ష ఇంకా పూర్తికాలేదు అనే గుర్తు) పోయి అడ్రస్ నిలబడింది.

ఈ తిప్పల కోసమే ఆర్ఎఫ్‌సీ 7527 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఉంది. సొలిసిటేషన్‌లో ఒక ర్యాండమ్ నంబర్ పెడతారు, అదే నంబర్ వెనక్కి వస్తే అది మన ప్యాకెట్టే అని తెలుస్తుంది. లినక్స్ కెర్నల్‌లో 4.10 నుంచి ఇది ఉంది. మా టెస్ట్ ఇమేజ్ కెర్నల్ అంతకన్నా పాతది, దాన్నీ మార్చేశాం.